కుర్చీ నెల్లూరులో, బీ-ఫారం సంతకం తాడేపల్లిలో

2024 జూన్ 4 సాయంత్రానికి ఉమ్మడి నెల్లూరు జిల్లాలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఒక్క సీటూ మిగల్లేదు. 2019లో పదికి పది గెలిచిన జిల్లా అది. ఐదేళ్లు తిరిగేసరికి అవే పది తెలుగుదేశం ఖాతాలో పడ్డాయి. ఉమ్మడి ప్రకాశంలో 2019లో ఎనిమిది గెలిచిన పార్టీకి పన్నెండింటికి దర్శి, యర్రగొండపాలెం మాత్రమే దక్కాయి. రాష్ట్రం మొత్తం మీద 151 కాస్తా 11 అయింది. ఇంత దెబ్బ తిన్నాక ఏ పార్టీ ఆఫీసులోనైనా మొదట కదిలే ఫైలు జిల్లా అధ్యక్షుల మార్పుదే. నెల్లూరుకు మాజీ మంత్రి కాకాణి గోవర్ధన్ రెడ్డి వచ్చారు. ప్రకాశానికి, గెలిచిన ఇద్దరిలో ఒకరైన దర్శి ఎమ్మెల్యే బూచేపల్లి శివప్రసాద్ రెడ్డి వచ్చారు.

ఆయన తగినవాడా, ఈయన తగినవాడా అన్న చర్చ టీకొట్ల దగ్గర నడిచేదే. దానికన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి టికెట్ల విషయంలో మాట చెల్లుతుందా? చెల్లకపోతే ఏమవుతుందో ఈ రెండు జిల్లాలు 2024 ఎన్నికలకు ముందే చూపించాయి.

నెల్లూరు సిటీలో సిట్టింగ్ ఎమ్మెల్యే అనిల్ కుమార్ యాదవ్‌ను నరసరావుపేట లోక్‌సభకు పంపి, సిటీ టికెట్‌ను అప్పటి డిప్యూటీ మేయర్ ఖలీల్ అహ్మద్‌కు ఇచ్చారు. అప్పుడు పార్టీ జిల్లా అధ్యక్షుడు వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి. సిటీ అభ్యర్థి విషయంలో తనను సంప్రదించలేదన్న అసంతృప్తి ఆయనకు ఉందని అప్పట్లో పత్రికలు రాశాయి. 2024 ఫిబ్రవరిలో ఆయన రాజ్యసభ సభ్యత్వానికి, పార్టీకి, జిల్లా అధ్యక్ష పదవికి ఒకేసారి రాజీనామా చేశారు. తర్వాత తెలుగుదేశం తరఫున నెల్లూరు లోక్‌సభకు నిలబడి 2.4 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఆయన భార్య ప్రశాంతి రెడ్డి కోవూరు గెలిచారు. సొంత పార్టీ జిల్లా అధ్యక్షుడే ఎదుటి పార్టీ ఎంపీ అభ్యర్థి కావడమంటే, పెళ్లిపెద్ద అవతలి విడిదిలో కూర్చోవడమే.

ఒంగోలులోనూ ఇదే వరస. సిట్టింగ్ ఎంపీ మాగుంట శ్రీనివాసులు రెడ్డికే మళ్లీ టికెట్ ఇవ్వాలని ఒంగోలు ఎమ్మెల్యే బాలినేని శ్రీనివాస రెడ్డి పట్టుబట్టారు. అధిష్ఠానం ఒప్పుకోలేదు. చంద్రగిరి నుంచి చెవిరెడ్డి భాస్కర్ రెడ్డిని తెచ్చి ఒంగోలు లోక్‌సభకు నిలబెట్టింది. మాగుంట తెలుగుదేశంలో చేరి గెలిచారు. బాలినేని ఒంగోలు అసెంబ్లీలో ఓడి, అదే ఏడాది సెప్టెంబరులో పార్టీ వదిలి జనసేనకు వెళ్లారు.

వీళ్లు పోకుండా ఉంటే పార్టీ గెలిచేదని కాదు. ఆ గాలిలో శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా పార్టీ కూలింది. నెల్లూరు ఒక్కటే నిలబడి ఉండేది కాదు. కానీ నెల్లూరు సిటీలో 2019లో అనిల్ కుమార్ చేతిలో 1,988 ఓట్లతో ఓడిన తెలుగుదేశం అభ్యర్థి నారాయణ 2024లో 72,489 ఓట్లతో గెలిచారు. గాలికి ఓడిపోవడం వేరు, ఇంత తేడాతో ఓడిపోవడం వేరు. ఆ రెండింటి మధ్య ఉన్నది సంస్థ లోపం, జిల్లా అధ్యక్షుడికి సంబంధం ఉన్నదీ ఆ లోపంతోనే.

పైస్థాయి సంగతి త్వరగా ముగిద్దాం, ఎందుకంటే అక్కడ మార్పు అనేది లేదు. తెలుగుదేశం 2004లో, 2009లో, 2019లో ఓడింది. 1995 నుంచీ నాయకుడు చంద్రబాబే. రెండేళ్లకోసారి మహానాడులో అధ్యక్ష ఎన్నిక పెడతారు, ఒకే నామినేషన్ వస్తుంది. వైఎస్సార్ కాంగ్రెస్ ఆ లాంఛనం కూడా అక్కర్లేదనుకుంది. 2022 జులై ప్లీనరీలో నియమావళి సవరించి జగన్‌ను శాశ్వత అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఆ సెప్టెంబరులోనే ఎన్నికల సంఘం, పార్టీలో శాశ్వత పదవి ప్రజాస్వామ్య విరుద్ధమని లేఖ రాసింది. సంఘం చేయగలిగింది దాదాపు అంతే. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ కింద పార్టీలను రిజిస్టర్ చేస్తుంది, ఐదేళ్లకోసారైనా సంస్థాగత ఎన్నికలు జరపాలంటుంది. జరపకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం మాత్రం మామూలు పరిస్థితుల్లో దానికి లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది.

ఓటమి తర్వాత జాతీయ అధ్యక్షుడు తప్పుకున్న ఉదాహరణ కావాలంటే నెల్లూరు వాళ్లు దూరం వెళ్లక్కర్లేదు. చవటపాలెంలో పుట్టి, ఉదయగిరి నుంచి 1978లో, 1983లో గెలిచిన వెంకయ్యనాయుడు 2002 జులై నుంచి బీజేపీ జాతీయ అధ్యక్షుడు. 2004 మేలో కేంద్రంలో అధికారం పోయింది, అక్టోబరులో మహారాష్ట్రలోనూ ఓటమి ఎదురైంది. ఆ నెలలోనే ఆయన దిగిపోయారు, అద్వానీ వచ్చారు. కమ్యూనిస్టుల్లో శాఖ నుంచి మహాసభ దాకా కింది నుంచి పైకి ఎన్నిక ఉంటుంది. 2012 కోజికోడ్ మహాసభ నుంచి సీపీఎం కార్యదర్శులకు మూడు దఫాల పరిమితి కూడా పెట్టుకుంది. పద్ధతి చక్కగా ఉన్నా అలగానిపాడు బిడ్డ పుచ్చలపల్లి సుందరయ్య జిల్లాలో ఆ పార్టీకి ఇవాళ ఓట్లు లేవు.

కాంగ్రెస్‌ది ఇంకో దారి: అధ్యక్ష ఎంపికను అధిష్ఠానానికి వదిలేస్తూ ఏకవాక్య తీర్మానం. రాష్ట్ర విభజన తర్వాత రఘువీరా, శైలజానాథ్, గిడుగు రుద్రరాజు, షర్మిల, ఇలా పదేళ్లలో నలుగురు మారారు. 2014, 2019, 2024 మూడు ఎన్నికల్లోనూ అసెంబ్లీ సీట్లు సున్నా. బెజవాడ గోపాలరెడ్డిని, నేదురుమల్లి జనార్దన రెడ్డిని ముఖ్యమంత్రులుగా ఇచ్చిన నెల్లూరులో ఆ పార్టీకి మండల కమిటీ వేయడమే కష్టంగా ఉన్నప్పుడు పైన ఎవరు కూర్చుంటే ఏం? కుర్చీ మారితే ఓటు వస్తుందనే నమ్మకానికి కాంగ్రెస్ పదేళ్ల అనుభవమే సమాధానం.

ఇక జిల్లా. ఓటమి తర్వాత జిల్లా అధ్యక్షుడి ఎంపిక ఎలా జరుగుతుందో పార్టీల్లో తిరిగే ఎవరికైనా తెలుసు. పరిశీలకుడు వస్తాడు. ఏదో ఒక కల్యాణ మండపంలో అభిప్రాయ సేకరణ పెడతారు. ఆశావహులు ముగ్గురైతే మూడు గుంపులు ముందురోజు రాత్రే వాహనాలు మాట్లాడుకుంటాయి. ఎవరు ఎక్కువమందిని దించితే వాళ్ల పేరు ఎక్కువసార్లు వినబడుతుంది. పరిశీలకుడు ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి అడుగుతాడు, పేర్లు కవరులో పెట్టి పైకి పంపుతాడు. పైన సామాజికవర్గం లెక్క, ఖర్చు పెట్టుకోగల శక్తి, ఆ జిల్లా పెద్ద కుటుంబాల మధ్య తూకం, ఈ మూడూ చూసి ఒక పేరు రాస్తారు. కవరులో మొదటి పేరే రావాలని లేదు. ఒక్కోసారి కవరులో లేని పేరూ వస్తుంది.

ఈ పద్ధతిలో అందరూ తప్పుపట్టేది కవరును. నిజానికి పొరపాటు అంతకంటే ముందు, కల్యాణ మండపంలోనే జరుగుతోంది. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గత ఐదేళ్లు పదవులు అనుభవించినవాళ్లు, లేదా వాళ్ల మనుషులు. పోలింగ్ రోజు ఉదయం ఐదున్నరకే బూత్‌కు వెళ్లి మాక్ పోలింగ్ చూసి, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్న ఏజెంటును ఎవరూ పిలవరు. ఆ ఊళ్లో ఎన్ని ఇళ్లు ఎందుకు తిరగబడ్డాయో చెప్పగలిగింది వాడొక్కడే. వాణ్ని వదిలేసి మిగతా అందరినీ అడిగి రాసిన నివేదికలో ‘ఈవీఎంలు’, ‘డబ్బు’, ‘కూటమి’ అని మూడు మాటలుంటాయి.

కాగితాలు ఉన్నాయి కాబట్టి ఊహించుకోవాల్సిన పనిలేదు. ప్రతి నియోజకవర్గానికీ రిటర్నింగ్ అధికారి తయారుచేసే ఫారం-20లో బూత్‌ల వారీగా ఎవరికెన్ని ఓట్లో ఉంటుంది. 2019ది, 2024ది పక్కపక్కన పెట్టాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: బూత్ నంబర్లు ఎన్నికకూ ఎన్నికకూ మారతాయి, కొత్త బూత్‌లు పుడతాయి. నంబరుకు నంబరు జోడిస్తే లెక్క తప్పుతుంది. ఊరి పేరుతో, బడి పేరుతో జోడించాలి. రాష్ట్రంలో 2024లో 46,389 పోలింగ్ కేంద్రాలు. సగటున నియోజకవర్గానికి 265. ఓపికగల ఇద్దరు కుర్రాళ్లు వారం కూర్చుంటే ఒక నియోజకవర్గం పూర్తవుతుంది. తర్వాత, పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి ఏజెంట్లకు ఇచ్చే ఫారం-17సీ నకళ్లు ఎన్ని పార్టీ దగ్గరున్నాయో లెక్కపెట్టాలి. నకలు లేని బూత్ అంటే ఏజెంటు మధ్యలో లేచిపోయిన బూత్, లేదా అసలు ఏజెంటే లేని బూత్. ఏజెంటు నియామక పత్రం ఫారం-10 మీద పేరున్నా మనిషి లేకపోవచ్చు. ఓటు తగ్గిన బూత్‌లూ, నకలు లేని బూత్‌లూ ఎక్కడెక్కడ ఒకటిగా కలుస్తాయో అక్కడ మండల అధ్యక్షుణ్ని మార్చాలి. రెండూ కలవని చోట తప్పు అభ్యర్థిదో, ప్రభుత్వానిదో అయి ఉంటుంది. అక్కడి మండల నాయకుణ్ని బలిపెట్టడం అన్యాయం. జిల్లా అధ్యక్షుడి పేరు ప్రకటించే ముందు జరగాల్సిన పని ఇది. మన దగ్గర పేరు ముందు వస్తుంది, సమీక్ష తర్వాత వస్తుంది, ఒక్కోసారి రాదు.

వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఈ పని ఇంకో కారణంగా కూడా కష్టం. ఐదేళ్లపాటు ఊళ్లో పార్టీకీ ఇంటికీ మధ్య వాలంటీరు నిలబడ్డాడు. యాభై ఇళ్లకు ఒకడు, నెలకు ఐదు వేల గౌరవ వేతనం, పింఛను చేతికిచ్చేది వాడే. ఇంటివాళ్లకు పని పడితే వాడికే చెప్పేవాళ్లు. గ్రామ నాయకుడి అరుగు ఖాళీ అయింది. 2022 డిసెంబరులో పార్టీ అది గుర్తించి యాభై ఇళ్లకు ఇద్దరు చొప్పున గృహసారథుల్ని, సచివాలయానికి ముగ్గురు కన్వీనర్లను పెడతామంది. ఆలస్యమైంది. 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం వాలంటీర్లను పింఛన్ల పంపిణీకి దూరం పెట్టాక, సరిగ్గా ఓట్లడిగే నెలన్నరలో ఇళ్లకు వెళ్లే అలవాటున్న మనిషే లేకుండా పోయాడు. అధికారం పోయాక వాలంటీరూ లేడు, అరుగు మీద పెద్దమనిషీ లేడు. కొత్త జిల్లా అధ్యక్షుడికి అప్పగించింది ఈ ఖాళీని.

ఆయన చేతిలో ఉన్నదేమిటి? నియోజకవర్గంలో పెత్తనం సమన్వయకర్తది. తెలుగుదేశంలో అయితే ఇన్‌చార్జిది. మండల అధ్యక్షుడు ఎవరన్నది చెప్పేది ఆయనే, ఎంపీటీసీ, జడ్పీటీసీ అభ్యర్థుల జాబితా రాసేది ఆయనే. పైన ప్రాంతీయ సమన్వయకర్త ఉంటాడు. మధ్యలో జిల్లా అధ్యక్షుడు ప్రెస్‌మీట్ పెడతాడు, ధర్నాకు కలెక్టరేట్ దగ్గర టెంట్ వేయిస్తాడు, అధినేత వస్తే హెలిప్యాడ్ చూసుకుంటాడు. ఒక సమన్వయకర్త మాట వినకపోతే ఆయన చేయగలిగింది పైకి ఫోన్ చేయడమే. ఎన్నికల చట్టం దృష్టిలో కూడా ఆయనకు ఉనికి లేదు. పార్టీ తరఫున అభ్యర్థిని ఎవరు ప్రకటించవచ్చో ఫారం-ఏలో రాసి పంపుతారు. ఆ పేరున్న మనిషి సంతకంతో ఫారం-బీ వస్తుంది, వైఎస్సార్ కాంగ్రెస్‌కైతే తాడేపల్లిలోని కేంద్ర కార్యాలయం నుంచి. అసెంబ్లీ ఎన్నికల్లో అది నామినేషన్ల ఆఖరిరోజు మధ్యాహ్నం మూడు గంటలలోపు చేరాలి. ఆ రెండు కాగితాల మీద ఎవరి సంతకం ఉందో వాడే నాయకుడు. మిగతాదంతా కండువా.

అందుకే రెండు జిల్లాల అనుభవం పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రకాశంలో 2014లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఆరుగురు ఎమ్మెల్యేలు గెలిచారు. ప్రతిపక్షంలో ఉన్న ఆ ఐదేళ్లలో నలుగురు తెలుగుదేశంలోకి వెళ్లిపోయారు: అద్దంకి నుంచి గొట్టిపాటి రవికుమార్, కందుకూరు నుంచి పోతుల రామారావు, గిద్దలూరు నుంచి ముత్తుముల అశోక్ రెడ్డి, యర్రగొండపాలెం నుంచి డేవిడ్ రాజు. పార్టీ అయిపోయిందనుకున్నారు. కానీ అద్దంకి తప్ప మిగతా మూడుచోట్లా పార్టీ మళ్లీ గెలిచింది. 2019లో ఎనిమిది సీట్లొచ్చాయి. గిద్దలూరులో అశోక్ రెడ్డి 81,035 ఓట్లతో ఓడారు. తిరిగి 2024లో అదే అశోక్ రెడ్డి అక్కడే 973 ఓట్లతో గెలిచారు. అప్పుడు వైఎస్సార్ కాంగ్రెస్ చేసిన పనేమిటంటే గిద్దలూరు ఎమ్మెల్యే అన్నా రాంబాబును మార్కాపురానికి, మార్కాపురం ఎమ్మెల్యే కుందూరు నాగార్జున రెడ్డిని గిద్దలూరుకు మార్చడం. ఇద్దరూ ఓడిపోయారు. 973 ఓట్లంటే బూత్‌కు నాలుగు కూడా కాదు. అభ్యర్థిని మార్చకపోతే ఆ సీటు నిలిచేదా అన్న ప్రశ్న గిద్దలూరు వాళ్లను ఇంకా తినేస్తూనే ఉంటుంది.

బదిలీ అయినవాళ్లంతా ఓడారు, కొత్తవాళ్లంతా ఓడారు అని సూత్రం కట్టడానికి లేదు. యర్రగొండపాలెం నుంచి మంత్రి ఆదిమూలపు సురేష్‌ను కొండపికి పంపితే ఆయన ఓడారు గానీ, ఆయన స్థానంలో వచ్చిన తాటిపర్తి చంద్రశేఖర్ గెలిచారు. దర్శిలో సిట్టింగ్‌ను పక్కనపెట్టి తెచ్చిన బూచేపల్లి గెలిచారు. తేడా ఒక్కటే కనబడుతోంది: దర్శిలో వచ్చినాయన ఆ ఊళ్ల మనిషి, ఒకసారి ఎమ్మెల్యేగా చేసినవాడు. కొండపికీ, సంతనూతలపాడుకూ వచ్చినవాళ్లకు మండల అధ్యక్షుల పేర్లు నేర్చుకునే వ్యవధి కూడా దొరకలేదు.

నెల్లూరులో కథ ఇంకోలా నడిచింది. 2019లో జిల్లాలో సున్నాకు పడిపోయిన తెలుగుదేశం 2020 సెప్టెంబరులో పదమూడు జిల్లాల పద్ధతి వదిలి ఇరవై ఐదు లోక్‌సభ నియోజకవర్గాల వారీగా అధ్యక్షులను వేసింది. నెల్లూరుకు మాజీ మేయర్ అబ్దుల్ అజీజ్, ఒంగోలుకు నూకసాని బాలాజీ. 2021 నవంబరు నెల్లూరు కార్పొరేషన్ ఎన్నికల్లో 54 డివిజన్లకు 54 వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. అంటే కొత్త అధ్యక్షుడు వచ్చి ఏడాది దాటినా తెలుగుదేశానికి ఒక్క డివిజనూ రాలేదు. ఆ 54 గెలిచినవాళ్లకూ మేలు చేయలేదు. అంత గెలుపులో లోపల ఏం కుళ్లుతోందో కనబడలేదు. 2023 మార్చిలో ఎమ్మెల్సీ ఎన్నికల క్రాస్ ఓటింగ్ పేరుతో సస్పెండ్ చేసిన నలుగురు ఎమ్మెల్యేల్లో ముగ్గురు, ఆనం రామనారాయణ రెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి, మేకపాటి చంద్రశేఖర్ రెడ్డి, నెల్లూరు జిల్లా వాళ్లే. ఏడాది తర్వాత ఆనం ఆత్మకూరులో, కోటంరెడ్డి రూరల్‌లో తెలుగుదేశం టికెట్‌పై గెలిచారు. నిజం చెప్పుకోవాలంటే నెల్లూరు తెలుగుదేశానికి కొత్త నాయకత్వం పార్టీ ఎంపిక ప్రక్రియ నుంచి వచ్చింది తక్కువ, ఎదుటి ఇంట్లోంచి నడిచొచ్చింది ఎక్కువ. ఇలా వచ్చినవాళ్ల కింద పాత కార్యకర్త ఎంతకాలం ఇముడుతాడన్నది ఆ పార్టీకి రేపటి తలనొప్పి.

దీనికి ఎదురు ఉదాహరణ సర్వేపల్లి. తెలుగుదేశం నేత సోమిరెడ్డి చంద్రమోహన్ రెడ్డి అక్కడ 2004, 2009, 2014, 2019లో వరసగా ఓడారు. మధ్యలో కోవూరు ఉపఎన్నికలోనూ ఓడారు. పార్టీ ఆయన్ని మార్చలేదు. 2024లో గెలిచారు. ఇది పట్టుదల కథగా చెప్పుకోవడం సులువే గానీ, ఇరవై ఏళ్లు ఒక నియోజకవర్గంలో రెండో వరసను ఎదగనివ్వకపోవడం కూడా అందులో ఉంది.

గీతల గొడవ ఒకటుంది, బయటివాళ్లు పెద్దగా పట్టించుకోరు. 2022 ఏప్రిల్ 4 విభజనలో కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది. అద్దంకి, పర్చూరు, చీరాల బాపట్లకు, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతికి వెళ్లాయి. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉండి తిరుపతి లోక్‌సభ కిందికి వస్తుంది. సంతనూతలపాడు ప్రకాశంలో ఉండి బాపట్ల లోక్‌సభ కిందికి వస్తుంది. పార్టీ యూనిట్ జిల్లా అయితే ఎంపీ అభ్యర్థికి సగం జిల్లా పరాయిది. లోక్‌సభ అయితే కలెక్టరు దగ్గరికి పోవడానికి ఇద్దరు అధ్యక్షులు కావాలి. పైగా ఆ విభజన నాటి ప్రకాశంలో గిద్దలూరు, యర్రగొండపాలెం నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లు దాటిన దూరం. సముద్రం ఒడ్డు రొయ్యల చెరువుల రైతు బాధ, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం చూసే పడమటి రైతు బాధ ఒక్క మనిషికి సమంగా అంటవు. ఒంగోలు ఆఫీసులో కూర్చున్న అధ్యక్షుడు పడమటికి వెళ్లేది పెళ్లికో, చావుకో, అధినేత పర్యటనకో.

కాబట్టి ఓడిన పార్టీ జిల్లా నాయకుణ్ని ఎంచుకునేటప్పుడు వరస తిరగేయాలి. బూత్ లెక్క ముందు, మండల అధ్యక్షులు తర్వాత, ఆ మండల అధ్యక్షులు రహస్య ఓటుతో ఇద్దరి పేర్లు పైకి పంపితే అందులో ఒకరు జిల్లాకు. బయట వాహనాల బారు ఎంత పొడుగున్నా లోపల ఓటు ఒక్కొక్కరికి ఒకటే. ఎంచుకున్నాక ఒకే ఒక్క అధికారం ఇవ్వాలి: జిల్లాలో ఎంపీటీసీ, జడ్పీటీసీ బీ-ఫారాలపై సంతకం సమన్వయకర్తతో పాటు ఆయనకూ ఉండాలి, ఇద్దరూ ఒప్పుకోని చోట మాత్రమే పైకి పోవాలి. దీనివల్ల ఇద్దరి మధ్య గొడవలు పెరుగుతాయి, కొన్నిచోట్ల అభ్యర్థి ఖరారు ఆఖరి గంట దాకా సాగుతుంది. అయినా గొడవ ఒంగోలులో జరగడం, 2024 ఫిబ్రవరిలో లాగా రాజీనామాగా బయటపడటం కంటే చవక. అధిష్ఠానాలు ఇది ఇవ్వవు, ఎందుకంటే అడిగే జిల్లా అధ్యక్షుణ్ని అవి ఎంచుకోవు.

సర్పంచ్ ఎన్నిక మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదు. దానికి పార్టీ గుర్తు ఉండదు, బీ-ఫారం ఉండదు. కత్తెరో, ఉంగరమో రాష్ట్ర ఎన్నికల సంఘం ఇచ్చిన గుర్తు మీద, ఊళ్లో తన మొహం మీద నెగ్గుకు రావాలి. 2021 ఫిబ్రవరిలో అధికార పార్టీ మద్దతుదారులు ఊడ్చేశారన్న లెక్క చూసి మోసపోయినవాళ్లు, ప్రతిపక్షంలో ఉండి జరిగే పంచాయతీ ఎన్నికల్లో ఏ ఊళ్లో తమ మనిషి నామినేషనైనా వేయగలిగాడో రాసిపెట్టుకోవాలి. ఆ కాగితం మీద కనబడే పేర్లే రేపు ఫారం-10 మీద ఏజెంట్లుగా సంతకం పెట్టేవి.